అద్దె ఊరిని బట్టి, అలవెన్సు జనాభాని బట్టి

పాఠకుల ప్రశ్నలకు జవాబులు. ఈసారి ఉపాధ్యాయుల హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె అలవెన్సు), డీఏ (కరువు భత్యం).

ప్రశ్న: రామచంద్రపురంలో స్కూల్ అసిస్టెంటుని. నా హెచ్‌ఆర్‌ఏ 10 శాతం. మండపేటలో 12, రాజమహేంద్రవరంలో 16 ఇస్తున్నారు. ఇక్కడ అద్దెలేమైనా తక్కువా?

జవాబు: మీ ఇంటద్దె ఎంతో ప్రభుత్వం చూడదు టీచర్ గారూ, ఊరి జనాభా చూస్తుంది. 11వ పీఆర్సీ (వేతన సవరణ)లో 50 వేల లోపు ఊళ్లకు 10 శాతం, 50 వేల నుంచి 2 లక్షల దాకా 12, 2 లక్షలు దాటితే 16. అదీ 2011 జనాభా లెక్కల ప్రకారం. అప్పటికి రామచంద్రపురం 43 వేల చిల్లర, మండపేట 56 వేలు. మీ మూల వేతనం స్కేలు మొదటి మెట్టు 44,570 అనుకుంటే మీకొచ్చేది 4,457. మండపేటలో అదే మెట్టుకి 5,348, రాజమహేంద్రవరంలో 7,131. ఈ పదిహేనేళ్లలో మీ ఊరు ఎంత పెరిగినా, చుట్టుపక్కల పొలాలు ఎన్ని లేఅవుట్లైనా ఈ లెక్కలోకి రావు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదాపడి, 2027 మార్చి 1 లెక్క తేదీగా జరుగుతోంది. ఆ అంకెలు వచ్చి, వాటిని పాటించాలని కొత్త జీవో వెలువడితేనే మీ శాతం మారుతుంది. ఈ రెండోది దానంతటది జరగదు.

ప్రశ్న: పనిచేసేది పల్లెటూరి హైస్కూల్లో, కాపురం పాలకొల్లులో. పట్టణం రేటు అడగొచ్చా?

జవాబు: కుదరదు మాస్టారూ. పనిచేసే చోటే లెక్క, పడుకునే చోటు కాదు. బదిలీ అయిన నెలలో పాత స్కూలు శాతమే బిల్లులో కొనసాగడం మాత్రం తరచూ జరిగే పొరపాటు. ఎక్కువ పడితే తర్వాత రికవరీ పెడతారు కనుక, చేరిన మొదటి నెల పే స్లిప్పులో ఆ ఒక్క గడీ చూసుకోండి.

ప్రశ్న: కేంద్రం 3 శాతం డీఏ అంటే మనకి 2.73 ఎలా అవుతుంది? మధ్యలో ఎవరు కోస్తున్నారు?

జవాబు: ఎవరూ కోయలేదు. కేంద్రం, రాష్ట్రం స్కేళ్లలో పాత డీఏ కలిపిన తేదీలు వేరు, మూల వేతనాలూ వేరు. అందుకని కేంద్రం ఇచ్చే ప్రతి 1 శాతానికీ మన దగ్గర 0.91 అని 11వ పీఆర్సీలో ఖాయం చేశారు. 4 శాతానికి 3.64 వచ్చేదీ అందుకే. అసలు నొప్పి ఆలస్యంలో ఉంది. 2024 జనవరి విడత 3.64ను 2025 అక్టోబరులో ప్రకటించారు. దాంతో మొత్తం 37.31 శాతం అయింది. అప్పటికే కేంద్రం తర్వాతి మూడు విడతలు 3, 2, 3 ఇచ్చేసింది. అంటే మన లెక్కలో 7.28 శాతం. 44,570 మూల వేతనం మీద నెలకు 3,245 రూపాయలు. మండపేటకీ మీకూ హెచ్‌ఆర్‌ఏ తేడా 891 అని మొదటి ప్రశ్న అడిగిన టీచర్ గారు గమనించాలి. ఏ పోరాటం ముందో ఈ రెండంకెలే చెబుతాయి.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో అద్దె 9,000. హెచ్‌ఆర్‌ఏ 7,131 మొత్తానికీ పన్ను మినహాయింపు వస్తుందా?

జవాబు: రాదు. మూడింటిలో ఏది తక్కువైతే అది: వచ్చిన హెచ్‌ఆర్‌ఏ, మన పట్టణాలకైతే మూల వేతనం, డీఏ కలిపిన దాంట్లో 40 శాతం, కట్టిన అద్దెలోంచి ఆ మొత్తంలో 10 శాతం తీసేయగా మిగిలింది. మూల వేతనం 44,570 అయితే డీఏతో కలిపి 61,199. అందులో పదో వంతు 6,120. 9,000లోంచి తీస్తే 2,880. మినహాయింపు నెలకు అంతే. అద్దె ఏడాదికి లక్ష దాటింది కనుక ఇంటి యజమాని పాన్ కూడా కావాలి, ఆయన ఇవ్వనంటే పేచీ. అయినా ఇదంతా పాత విధానంలోనే. మీ జీతం ఏడాదికి 8.2 లక్షలు. 2025-26 కొత్త విధానంలో జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్నే లేదు. ఆ రసీదుల వేట మానేయండి.

ప్రశ్న: మా కోడలు లండన్‌లో టీచరు. అక్కడ ఊరి ఖరీదును బట్టి జీతమే వేరట. నిజమేనా? (నరసాపురం)

జవాబు: నిజమే. 2025 సెప్టెంబరు నుంచి కొత్త టీచరుకి ఇన్నర్ లండన్‌లో ఏడాదికి 40,317 పౌండ్లు, లండన్‌కు దూరంగా ఉన్న ప్రాంతాల్లో 32,916. మధ్యలో ఔటర్ లండన్‌కి, శివార్లకి మరో రెండు మెట్లు. ఒకప్పుడు అక్కడా విడి అలవెన్సే. 2002 మార్చి 14న నేషనల్ యూనియన్ ఆఫ్ టీచర్స్ ఆ అలవెన్సు పెంచాలని లండన్‌లో ఒక రోజు సమ్మె చేసింది. మరుసటేడు ఇన్నర్ లండన్‌కు ప్రత్యేక స్కేలే పెట్టారు. జీతంలోనే కలిసింది కనుక పెన్షన్‌కీ లెక్కకొస్తుంది. మన హెచ్‌ఆర్‌ఏ రిటైరైన రోజున ఆగిపోతుంది. ఇంకొకటి: న్యూహామ్, హారింగే, ఈలింగ్ చట్టం ప్రకారం ఔటర్ లండన్‌వే అయినా టీచర్లకు ఇన్నర్ జీతమే ఇస్తారు. గీత మ్యాపు మీద ఒకచోట, జీతాల దగ్గర ఇంకోచోట ఉండొచ్చన్నమాట.

ప్రశ్న: మా ఉపాధ్యాయ సంఘం మండల శాఖ తరఫున హెచ్‌ఆర్‌ఏ మీద అర్జీ పెడదామనుకుంటున్నాం. ఏం రాయాలి? అసలు ఉపయోగం ఉంటుందా?

జవాబు: 2022 జనవరి 17 జీవో గుర్తుందా? 5 లక్షల లోపు ఊళ్లన్నిటికీ 8 శాతం అన్నారు. అంటే కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు, మారుమూల లంక గ్రామం అన్నీ ఒకే గాటన. ఫిబ్రవరి 3న చలో విజయవాడ, 5న చర్చలు, ఆపైన ఇప్పటి 10, 12, 16. ఫిట్‌మెంటు (మూల వేతనం మీద పెంపు) 23 శాతం దగ్గర కదల్లేదని ఉపాధ్యాయ సంఘాలు ఆ ఒప్పందాన్ని కాదన్నాయి, అది వేరే సంగతి. జనాభా గీత మాత్రం కదిలింది.

అర్జీలో ‘ధరలు మండిపోతున్నాయి’ అని రాస్తే ఫైల్లో పడుంటుంది. రెండు పడగ్గదుల ఇల్లు అని ఒకే కొలత పెట్టుకుని, మీ ఊళ్లోనూ పై శ్లాబు ఊళ్లోనూ తలా ఇరవై ఇళ్ల అద్దె, అడ్వాన్సు రాసుకోండి. ఒక ఊళ్లో పెంకుటిల్లు, మరో ఊళ్లో అపార్టుమెంటు పోలిస్తే ఆర్థిక శాఖ మొదటి చూపులోనే పక్కన పెడుతుంది. పట్టణానికి అతుక్కుపోయి, 2011లో విడిగా లెక్కపడిన పంచాయతీల జనాభాను జనగణన పుస్తకం నుంచే చూపించండి. గ్రామ, వార్డు సచివాలయాల సర్వే అంకెలు ఒప్పుకోరు. కోరిక ఒక్కటే పెట్టండి: పట్టణంతో కలిసిపోయిన పంచాయతీలను జనాభాలో కలపాలి, లేదా శ్లాబు గీత 50 వేల నుంచి దించాలి. రెండూ కలిపి అడిగితే ఏదీ తేలదు.

డీఈఓకిచ్చి ఊరుకోవద్దు, శాతం మార్చే అధికారం ఆయనకు లేదు. రాష్ట్ర సంఘం ద్వారా ఆర్థిక శాఖకి పంపాలి. 12వ పీఆర్సీ 2023 జులై 1 నుంచే రావాల్సింది కనుక ఆ కమిషన్‌కిచ్చే వినతిలో ఇది అనుబంధంగా చేర్చమనండి. ఉభయ గోదావరి ఉపాధ్యాయ ఎమ్మెల్సీకి ఒక ప్రతి. ప్రతి కాగితానికీ తేదీతో ఎక్నాలెడ్జ్‌మెంటు ముద్ర వేయించుకోండి.