రాత్రి మిగిలే కూరలు

ప్రశ్న: మా ఆయనా నేనూ ఖమ్మంలో కర్రీ పాయింట్ నడుపుతున్నాం. రోజూ రాత్రి నాలుగైదు కిలోల పప్పు, కూరలు మిగిలిపోతున్నాయి. పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. చెత్తను ఎరువు చేసే మెషీన్ కొనమని ఒకాయన వెంటపడుతున్నాడు. లక్షా ఇరవై వేలట. తీసుకోమంటారా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. నూనె, ఉప్పు, కారం, గ్యాసు అన్నీ పెట్టి వండిన కూరను మళ్లీ లక్షా ఇరవై వేలు పోసి ఎరువు చేసుకుంటారా? రోజుకు 100 కిలోల చెత్త వచ్చే పెద్ద హోటళ్ల సంగతి వేరు, వాళ్ల మీద చట్టం పెట్టిన బాధ్యతలూ వేరు. మీది ఐదు కిలోలు. అది డబ్బాలో పడేది రాత్రి పదింటికైనా, ఎంత పడుతుందో పొద్దున పొయ్యి మీద గిన్నె పెట్టినప్పుడే తేలిపోతుంది.

నేను కాకినాడలో పంతొమ్మిదేళ్లు మెస్ నడిపాను. మొదటి ఆరేళ్లు నాకూ ఇదే టెన్షన్. చివరికి వంటింటి గుమ్మం పక్కన ఒక స్ప్రింగ్ కాటా తగిలించి, ఏది ఎంత పారేస్తున్నామో మా అబ్బాయి పాత నోటుబుక్కులో రోజూ రాశాను. వేపుళ్లు పోతున్నాయనుకునేదాన్ని. తీరా చూస్తే అవి గుప్పెడు కూడా లేవు, పోయేదంతా సాంబారు. ఎందుకూ అంటే గిన్నె పెద్దది, వెలితిగా ఉంటే బాగుండదని నిండా కాచేవాళ్లం! గిన్నె మార్చాను. వంటమాస్టరు మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మీరూ ఒక రెండు వారాలు కూర కూరకీ తూచి రాయండి. శనివారం, కార్తీక మాసం, అయ్యప్ప దీక్షలు పక్కన గుర్తు పెట్టుకోండి. కోడిగుడ్డు పులుసు ఎందుకు మిగిలిందో అప్పుడు మీకే తెలుస్తుంది.

పప్పు ఒకేసారి ఉడికించుకున్నా, అంతా ఒకేసారి తాళింపు పెట్టకండి. మధ్యాహ్నానికి సగం టమాటా పప్పు చేయండి. మిగతాది వెడల్పాటి పళ్లేల్లో పోసి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. సాయంత్రం బేరం చూసుకుని, అవసరమైనంతే తీసి పాలకూరతో బాగా మరిగించండి. బెండకాయ వేపుడు రెండు వాయిలుగా వేయండి. ముక్కలు మిగిలితే రేపు పనికొస్తాయి, వేపుడు మిగిలితే పనికిరాదు.

రాత్రి తొమ్మిది దాటాక సగం ధరకి ఇచ్చేద్దామని మాత్రం అనుకోకండి. నేనూ ఇచ్చి చూశాను. నెల తిరక్కుండా ఎనిమిదింటికి వచ్చేవాళ్లంతా తొమ్మిదింటికే రావడం మొదలుపెట్టారు.

మీరు అడగలేదు గానీ, మూకుట్లో నల్లబడ్డ నూనె మర్నాటి కూరలో పోయకండి. నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే చెడు పదార్థాలు, అంటే పోలార్ కాంపౌండ్స్, 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. అలాంటి నూనె బయోడీజిల్‌కి పనికొస్తుంది. డబ్బాలో పోగుచేసి, అనుమతి ఉన్నవాళ్లకే అమ్మండి. ఎవరికి పడితే వాళ్లకి ఇస్తే అది తిరిగి ఏ బజ్జీల బండి మీదకో చేరుతుంది.

అన్నట్టు, బీరకాయ చెక్కు పారేస్తున్నారా? నువ్వులు, పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు వేసి రోట్లో నూరండి. మా మెస్‌లో బీరకాయ కూర కంటే ముందు ఆ పచ్చడి గిన్నే ఖాళీ అయ్యేది.