తోట ప్రశ్నలు: అంటు పుల్లలు ఇచ్చిపుచ్చుకునే ముందు

ప్రశ్న: మాది నూజివీడు ప్రాంతం. మా చుట్టుపక్కల చిన్న తోటల వాళ్లం కొందరం ఉన్నాం. ఒకరి దగ్గర ముదురు చిన్నరసం చెట్టు, మరొకరి దగ్గర కొత్తపల్లి కొబ్బరి, ఇంకొకరి పెరట్లో పేరు తెలియని తీపి మామిడి ఉన్నాయి. వానలు పడ్డాక ఒకచోట చేరి అంటు పుల్లలు (మరో మొక్క మీద అంటు కట్టడానికి కోసే రెమ్మలు) మార్చుకోవాలనుకుంటున్నాం. పుల్ల ఎప్పుడు కోయాలి, ఎన్నాళ్లు నిలుస్తుంది, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మీ ఆలోచన చాలా మంచిది, ఆలస్యం చేయకండి. మన ప్రాంతపు మామిడి రకాల్లో చాలా వాటికి టెంకలో ఒక్కటే పిండం ఉంటుంది. అది పరపరాగ సంపర్కం (వేరే చెట్టు పుప్పొడి కలవడం) వల్ల ఏర్పడినది కాబట్టి, టెంక నాటితే వచ్చే చెట్టు తల్లి చెట్టు గుణాన్ని నిలుపుకోదు. మీ ఊరి పెరట్లోని ఆ పేరు తెలియని చెట్టు గాలివానకు పడిపోతే, అప్పటికే దాని కొమ్మ మరో మొక్క మీద బతికి ఉంటే తప్ప ఆ రుచి మళ్లీ దొరకదు. అందుచేత మీరు మార్చుకునే వాటిలో మొదట ఆ చెట్టు పుల్లలనే కనీసం ఇద్దరు ముగ్గురి తోటల్లో కట్టించండి. చిన్నరసం, కొత్తపల్లి కొబ్బరి వెతికితే ఇంకా దొరుకుతాయి, ఆ చెట్టు మాత్రం దొరకదు.

మామిడికి జూన్ చివర నుంచి సెప్టెంబరు వరకు, గాలిలో తేమ ఉన్న రోజుల్లో అంటు బాగా పడుతుంది. పుల్లను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. కాపు కాస్తున్న చెట్టుకు ఎండ బాగా తగిలే వైపున, ఆ ఏడాది పూత పూయని కొమ్మ చివర, మూడు నాలుగు నెలల వయసుండి పెన్సిలు లావున ఉన్న రెమ్మను చూడండి. కోయడానికి వారం పది రోజుల ముందు ఆ రెమ్మ మీది ఆకులను కత్తిరించి, తొడిమలను మాత్రం రెమ్మకే వదిలేయాలి. కొద్ది రోజులకు తొడిమలు పసుపు రంగుకు తిరిగి, వేలితో తాకితే చాలు రాలిపోతాయి. చివరి మొగ్గ ఉబ్బి, ఇక విచ్చుకోబోతున్నట్టు కనిపిస్తుంది. అదే కోయవలసిన సమయం. ఈ పని చేయకుండా ఆకులతో ఉన్న రెమ్మను అప్పటికప్పుడు తెంచి తెస్తే అంటు పట్టే అవకాశం బాగా తగ్గుతుంది. కాబట్టి మీరు కలిసే తేదీని ముందే నిర్ణయించుకుని, దానికి పది రోజుల ముందే అందరూ తమ చెట్ల మీద ఆకులు తీయాలని కబురు పెట్టండి.

పుల్లలను పొద్దున్నే ఎండ ఎక్కక ముందు, జానెడు పొడవున కోయండి. నీళ్లలో నానబెట్టకండి. తడిపి గట్టిగా పిండిన గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి, నీడలో ఉంచండి. మామిడి పుల్లకు నిద్రావస్థ ఉండదు, అందువల్ల అది ఎక్కువ కాలం ఆగలేదు. కోసిన రోజునే కట్టడం అన్నిటికంటే మేలు, తప్పనిసరైతే రెండు మూడు రోజుల్లోపు కట్టేయాలి. దీన్నిబట్టి చూస్తే పుల్లలు తీసుకెళ్లేవారి దగ్గర వేరు మొక్కలు (పుల్లను కట్టడానికి టెంక నుంచి పెంచిన మొక్కలు) ముందే సిద్ధంగా ఉండాలని వేరే చెప్పనవసరం లేదు. వేసవిలో తిన్న పండ్ల టెంకలను ఆరిపోకముందే నాటుకుంటే, మరుసటి వానాకాలానికి అవి పెన్సిలు లావు మొక్కలవుతాయి. ఆ మొక్కను లేత భాగంలో అడ్డంగా కోసి, మధ్యకు చీల్చి, పుల్ల అడుగును రెండు వైపులా ఏటవాలుగా చెక్కి అందులో దించాలి. బెరడు కిందనున్న పచ్చని పొరలు కనీసం ఒక పక్కనైనా ఒకదానితో ఒకటి కలవాలి. తర్వాత పాలిథిన్ పట్టీతో బిగించి కట్టి, పైన సన్నని పాలిథిన్ గొట్టం తొడిగితే పుల్ల ఎండిపోదు. రెండు మూడు వారాల్లో చిగురు కనిపించగానే ఆ గొట్టం తీసేయండి.

ఇక ఎక్కువమంది తేలికగా తీసుకునే విషయం పేరు. బంగినపల్లినే బేనిషాన్ అనీ, సఫేదా అనీ అంటారు. తోతాపురి ఒకచోట కలెక్టర్ అయితే మరోచోట బెంగుళూరు. ఇమామ్ పసంద్‌ను హైదరాబాదులో హిమాయత్ అంటారు. ఇక రసాల సంగతి సరేసరి, చిన్నరసం అని ఇచ్చినది కాపుకొచ్చాక పెద్దరసంగా తేలితే, పెంచిన మనిషికి పోయిన నాలుగైదేళ్లు తిరిగి రావు. అందువల్ల పుల్లల కట్టకు రకం పేరు మాత్రమే కాక, అది ఏ ఊరి ఎవరి తోటలోని ఏ చెట్టుదో, ఏ రోజు కోశారో రాసిన చీటీ కట్టండి. పెన్సిలుతో రాస్తే తడికి చెరగదు. అవే వివరాలు ఒక నోటుపుస్తకంలో ఎక్కించి, దాన్ని మీలో ఒకరు భద్రపరచండి. ఇచ్చేవారు కూడా తాము కనీసం రెండు కాపులు కళ్లారా చూసిన చెట్టు నుంచే ఇవ్వాలి. మామిడి ఒక ఏడాది విరగకాసి మరుసటి ఏడాది ముఖం చాటేయడం మామూలే కనుక, ఒక్క కాపు చూసి చెట్టు మంచిచెడ్డలు చెప్పలేం.

పొలుసు పురుగు, పిండినల్లి ఉన్న కొమ్మలను పక్కన పెట్టండి. చిగుళ్లు గుత్తిగా ముద్దకట్టినట్టు, పూత కాలీఫ్లవరులా ముడుచుకున్నట్టు కనిపించే చెట్టుది ఒక్క పుల్ల కూడా తీసుకోవద్దు. అది మాల్‌ఫార్మేషన్ అనే శిలీంధ్రపు తెగులు, అంటు పుల్లతో పాటే ప్రయాణం చేస్తుంది. ఉత్తర భారతంలో ఇది తీవ్రంగా ఉంది కాబట్టి అక్కడి తోటల నుంచి ఎవరైనా ప్రేమగా పుల్లలు తెచ్చినా కట్టకండి. చెట్టు మారినప్పుడల్లా కత్తిని స్పిరిట్‌తో తుడవండి.

ప్రశ్న: నల్లగొండ జిల్లాలో బత్తాయి వేశాను. పక్క ఊరి తోటలో కాయ చాలా బాగుంది. కన్నంటు (పుల్ల మీది ఒక మొగ్గను, అంటే కన్నును, మరో మొక్కకు అతికించడం) కోసం అక్కడి పుల్లలు తెచ్చుకోవచ్చా?

జవాబు: వద్దు. మామిడికి ఇచ్చిన సలహా బత్తాయికి, నారింజకు వర్తించదు. ట్రిస్టెజా వైరస్, గ్రీనింగ్ అనే బాక్టీరియా తెగులు రెండూ కన్నుతో పాటే కొత్త మొక్కలోకి దిగుతాయి, పైగా సోకిన చెట్టు చాలాకాలం ఆరోగ్యంగానే కనిపించవచ్చు. కంటికి ఇంపుగా ఉన్న చెట్టును చూసి తెచ్చుకున్న కన్ను మీ తోట మొత్తాన్ని దెబ్బతీయగలదు, ఎందుకంటే ఆ తర్వాత పేనుబంక ట్రిస్టెజాను, సిల్లా పురుగు గ్రీనింగును చెట్టు నుంచి చెట్టుకు మోసుకెళ్తాయి. గ్రీనింగుకు తోటలో నమ్మదగిన చికిత్స లేదు. వైరస్ పరీక్షలు చేసిన తల్లి చెట్ల నుంచి తయారైన మొక్కలనే పరిశోధన స్థానాల నుంచి, నమోదైన నర్సరీల నుంచి కొనండి. నాగపూర్‌లోని కేంద్ర నిమ్మజాతి పరిశోధన సంస్థ ఇలాంటి శుద్ధమైన మొక్కల తయారీపై పనిచేస్తోంది.

మీకు ఇచ్చిపుచ్చుకోవాలనే ఉంటే పుల్లని నిమ్మ ఉంది. దాని గింజలో ఒకటికి మించిన పిండాలు ఉంటాయి, వాటిలో ఎక్కువ తల్లినే పోలి ఉంటాయి. గింజ ద్వారా ఈ తెగుళ్లు సాధారణంగా రావు. మంచి చెట్టు పండ్లు ఇచ్చుకుని, గింజలు ఆరిపోకముందే నారు పోసుకోండి.

ప్రశ్న: ఇలా మార్చుకుంటే చట్టపరంగా ఇబ్బంది ఉంటుందా?

జవాబు: రైతుల మధ్య అయితే ఉండదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం, 2001 కింద రక్షణ పొందిన రకాన్ని సైతం దాచుకునే, నాటుకునే, పంచుకునే, మార్చుకునే హక్కు రైతుకు ఉంది. ఆ చట్టంలో విత్తనం అంటే గింజ ఒక్కటే కాదు, మొక్కగా ఎదగగల ఇతర భాగాలు కూడా అందులోకి వస్తాయి. అలాంటి రకాన్ని బ్రాండు పేరుతో అమ్మడానికి మాత్రం వీల్లేదు. అంటు మొక్కలు తయారుచేసి వ్యాపారంగా అమ్మదలిస్తే ఉద్యాన శాఖలో నర్సరీ నమోదు గురించి అడగండి.

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. వచ్చే నెల వెళ్తూ రెండు మామిడి పుల్లలు, ఒక కరివేపాకు మొక్క పెట్టెలో పెట్టుకుపోవచ్చా?

జవాబు: రెండూ వద్దు. మన మామిడి పండ్లు 2007 నుంచి రేడియేషన్ శుద్ధి జరిగాక అమెరికాకు వెళ్తున్నాయి గాని, నాటుకునే మొక్కలు, పుల్లలు దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా పెట్టెలో తీసుకెళ్లడానికి లేదు. కాలిఫోర్నియా పండ్ల పెంపకందారులు జనవరి, ఫిబ్రవరి నెలల్లో సమావేశమై ఆపిల్, ప్లమ్, అంజూర పుల్లలు మార్చుకుంటారు. చలికి ఆకు రాల్చి నిద్రాణంగా ఉన్న ఆ పుల్లలు తడి ఆరకుండా ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి నిలుస్తాయి. అక్కడ కూడా నిమ్మజాతి పుల్లలను రానివ్వరు. అవి కావలసినవారు రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అందించే పరీక్షించిన పుల్లలను తెప్పించుకుంటారు. గ్రీనింగును మోసే సిల్లా పురుగు కరివేపాకు చెట్టు మీద కూడా బతుకుతుంది కనుక, అక్కడి క్వారంటైన్ ప్రాంతాల్లో కరివేపాకు మొక్కను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడంపైనా ఆంక్షలున్నాయి. మీ అమ్మాయిని ఆ ఊళ్లోనే లైసెన్సు ఉన్న నర్సరీలో మొక్క కొనుక్కోమనండి.