తుపాను షెల్టరు తాళాలు చేతికొచ్చిన మేనకోడలికి

చిరంజీవి పాపకు మామ ఆశీస్సులు.

షెల్టరు బాధ్యత నీ మీద పెట్టారని అక్క ఫోన్లో చెప్పింది. జనరేటరు, మందుల పెట్టె సంగతి మీ పైవాళ్ళు చెప్తారు. వాళ్ళు చెప్పనిది రాస్తున్నా.

1984 నవంబరు తుపాను మన నెల్లూరు తీరాన్ని కొట్టినప్పుడు నేను కొత్తగా చేరిన అయ్యవారిని. బడి మిద్దెలో మూడు రాత్రులు, రెండొందల మంది. మొదటి రాత్రి చేపలు పట్టే పట్టపుపాలెం వాళ్ళొక గదిలో, పెద్దూరి వాళ్ళొక గదిలో, దళితవాడ వాళ్ళు వరండాలో జల్లుకి తడుస్తూ. ఎవరి బిందె వాళ్ళది. రెండో రాత్రికి మిగిలింది ఒకే బిందె, ఒకే గ్లాసు. ఎవరూ నోరెత్తలేదు, తాగారు. పెద్దూరి చంటిదానికి తల్లి దగ్గర పాలు లేకపోతే వరండాలోని బాలింత తీసుకుని రొమ్మిచ్చింది. కులం పోయిందని మురిసిపోయాను. ఇరవై మూడేళ్ళ వయసు మరి.

ఆ రాత్రే ఒకతను పిల్లల కోసం బొరుగుల మూట దాచాడు. అందరూ కొట్టారు. నేనూ ఒక దెబ్బ వేశాను. తర్వాత తెలిసొచ్చింది, తిండి ఎంతుందో నాకు తప్ప ఎవరికీ తెలీదని. తెలీనప్పుడు ప్రతివాడికీ పక్కవాడే ఎక్కువ తింటున్నట్టుంటుంది. అందుకే కడుపులు నిండి ఉన్నప్పుడే, మొదటి రాత్రే, మూటలు నడిమధ్యన పెట్టి అందరి ముందూ లెక్కపెట్టించు. ఎవరి తర్వాత ఎవరో అప్పుడే తేల్చు.

1884లో మిగ్నొనెట్ అనే నావ మునిగి నలుగురు చిన్న పడవలో మిగిలారు. చీట్లు వేద్దామన్న మాటొచ్చింది గానీ వెయ్యలేదు. ఇద్దరు కూడబలుక్కుని, జబ్బుపడి సోలిపోయిన పదిహేడేళ్ళ కుర్రాణ్ణి చంపారు. ముగ్గురూ తిన్నారు. సముద్రం మీద ఇది మామూలేనని ఒడ్డుకొచ్చి దాచకుండా చెప్పారు. చంపినవాళ్ళకి ఇంగ్లండు కోర్టు ఉరిశిక్ష వేసింది, ఆనక అది ఆరు నెలల జైలుగా తగ్గింది. 1972లో ఆండీస్ కొండల మంచులో విమానం కూలితే 72 రోజులకి పదహారు మంది బతికి బయటపడ్డారు. వాళ్ళూ మనిషి మాంసమే తిన్నారు. కాకపోతే చనిపోయినవాళ్ళది, అదీ కూర్చుని మాట్లాడుకుని, నేను పోతే నన్నూ తినండని ఒకరికొకరు చెప్పుకుని. ఆకలి రెండుచోట్లా ఆకలే. పడవలో మాత్రం నోరు లేనివాడి సంగతి వాణ్ణి అడక్కుండా తేల్చేశారు.

కాబట్టి నీ వరస మంచం పట్టినవాళ్ళతో, బాలింతలతో మొదలవ్వాలి. ఊరి పెద్దల్ని చివర నిలబెట్టలేవులే, మధ్యలో నిలబెట్టినా గొప్పే. తిండి దాచినవాణ్ణి పక్కకి పిలిచి అడుగు, పేరు రాయొద్దు. నీళ్ళు అమ్మినవాడి పేరు మాత్రం రాయి.

నాలుగోనాడు ఎండ కాసింది. బిందెలు మళ్ళీ వేరయ్యాయి. ఆ చంటిదాని అన్నప్రాసనకి ఊరంతా పోయాం. పాలిచ్చినామెకి పిలుపు లేదు. ఎందుకని నేనూ అడగలేదు.

షెల్టరుకి గ్లాసులు కొనేటప్పుడు అన్నీ ఒకే రకం కొను, పాపా.

మీ మామ