లాన్ కేబుల్‌లోంచే బోర్డుకి కరెంటా? ముందు ఆ తీగని బ్లేడుతో గీకి చూడండి

రాస్ప్‌బెరీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డుకి విడిగా అడాప్టర్ లేకుండా లాన్ కేబుల్‌లోంచే కరెంటు ఇవ్వొచ్చా, కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే చవక ఇంజెక్టర్ సరిపోతుందా అని కదా మీ ప్రశ్న. ఇవ్వొచ్చు. చవకది మాత్రం వద్దు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా బావ తన రైస్ మిల్లు గోదాంలో తేమ చూసుకోడానికి రాస్ప్‌బెరీ పై 3బీ ప్లస్ బోర్డు పెట్టించాడు, దానికే ఒక కెమెరా. పగలంతా బుద్ధిగా పనిచేసేది. చీకటిపడి కెమెరా లైట్లు వెలిగాయంటే చాలు, ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేది. బిగించిన కుర్రాడు "బోర్డే పోయింది సార్, కొత్తది కొనండి" అనేశాడు. బావ నాకు ఫోన్: "ఒరే, నీ చదువేదో ఇప్పుడు చూపించరా!"

నిచ్చెనెక్కి మీటర్ పెట్టాను. ఇంజెక్టర్ దగ్గర 5 వోల్టుల పైనే ఉంది. 15 మీటర్లు దాటి బోర్డు దగ్గరికొచ్చేసరికి 4 చిల్లర. 4.63 కన్నా దిగితే బోర్డు తన తెర మీద మెరుపు గుర్తు చూపిస్తుంది గానీ, గోదాంలో తెరేదీ? అనుమానమొచ్చి కేబుల్ కొస కోసి ఒక తీగని బ్లేడుతో గీకాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం! రాగి కన్నా కరెంటుని ఎక్కువ అడ్డుకునేది, దారిలో వోల్టులు తినేసింది అదే. డబ్బా మీదేమో 'ప్యూర్ కాపర్'. బిగించిన కుర్రాణ్ణి నిలదీస్తే "అందరూ ఇదే వేస్తారు బావగారూ" అని నవ్వాడు. డబ్బు పుచ్చుకున్నంతసేపూ సార్, పట్టుబడ్డాక బావగారు.

మంచి రాగి తీగైనా 5 వోల్టులు దూరం పంపడం తెలివితక్కువ పని. 5 వాట్ల బోర్డుకి 5 వోల్టుల్లో 1 ఆంపియర్ పారాలి. అదే 48 వోల్టులైతే 0.1 సరిపోతుంది, తీగలో వేడిగా పోయేది దాదాపు వందో వంతుకి పడిపోతుంది. అందుకే లాన్ కేబుల్‌లో 48 వోల్టుల కరెంటు పంపే 802.3ఏఎఫ్ స్విచ్ కొనండి. 2003 నాటి ప్రమాణం అది. పోర్టుకి 15.4 వాట్లు పంపితే అవతలి కొసకి 12.95 కచ్చితంగా అందుతాయి, 3బీ ప్లస్‌కి అది ఎక్కువే. పైగా ఆ స్విచ్ ముందు చిన్న వోల్టేజీతో తట్టి, అవతల 25 కిలో ఓమ్ల నిరోధం కనబడితేనే కరెంటు వదులుతుంది. చవక 48 వోల్టుల ఇంజెక్టర్లకి ఆ మర్యాద లేదు, లాప్‌టాప్ తగిలించినా నెత్తిన పోసేస్తాయి.

బోర్డు వైపు ఆ 48ని 5 వోల్టులకి దించడానికి హ్యాట్ (బోర్డు పిన్నుల మీద కూర్చునే చిన్న అదనపు బోర్డు) గానీ, కేబుల్‌లోంచి కరెంటుని విడదీసి 5 వోల్టులిచ్చే స్ప్లిటర్ గానీ ఉండాలి. బావకి స్ప్లిటరే వేశాను. దాన్ని తెప్పించడం ఇంకో రామాయణం: పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నానికి రెండ్రోజుల్లో తెచ్చే కొరియర్, రాష్ట్రం మారిందని మాకు వారం తిప్పుతాడు. చివరికి పాతపట్నంలో మా పిన్నిగారింటి చిరునామా ఇచ్చి తెప్పించుకున్నాం.

మీది రాస్ప్‌బెరీ పై 5 అయితే పాత హ్యాట్ కొనకండి. పిన్నుల చోటు మార్చారు, కూర్చోదు.