ముందు తిరుగు సీటు, తర్వాతే వండర్లా

అమలాపురం నుంచి భోగికి ముందు హైదరాబాద్‌లోని ఆటల పార్కు వండర్లాకి పిల్లల్ని, అమ్మమ్మగారిని తీసుకుని వెళ్లొచ్చా, రేపటికల్లా తేల్చుకోవాలి అన్నారు కదండీ. వెళ్లడానికి టెన్షన్ లేదు. పండక్కి జనమంతా ఇటు వస్తుంటే మీరు అటు వెళ్తారు, బస్సులో సీటు దొరుకుతుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. కాబట్టి ఈ రాత్రే ముందు తిరుగు టికెట్ చూడండి. రాజమండ్రి దాకా రైలైతే తత్కాల్ ముందురోజు ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కి 11కి తెరుస్తారు. కానీ పండగ రోజుల్లో దాన్నే నమ్ముకుని బయల్దేరకండి. సీటు ఖాయమైతేనే వెళ్లండి.

ఇంకో సంగతి, చిన్నది ఒకటో తరగతి అన్నారు. వండర్లాలో పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. పెద్ద రైడ్లు చాలావాటికి 140 సెంటీమీటర్లు ఉండాలి. అందుకే ఇంట్లోనే గోడకి నిలబెట్టి కొలవండి, అక్కడికెళ్లాక ఏడుపులు ఉండవు. నీళ్ల ఆటలకి నూలు బట్టలు ఒప్పుకోరు, నైలాన్‌వి పెట్టుకోండి. అమ్మమ్మగారికి మాత్రం అక్కడ రోజంతా కూర్చోవడమే పని. ఆవిడ కూడా రావాల్సిందే అంటే రామోజీ ఫిల్మ్ సిటీ మేలు, బస్సులో తిప్పి చూపిస్తారు. విజయవాడ రోడ్డు మీదే, ఊళ్లోకి వెళ్లక ముందే వస్తుంది.

తిరుగు సీటు దొరక్కపోతే వేసవికి వాయిదా వేసేయండి. కనుమ నాడు మన కోనసీమ జాతర, జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉండనే ఉంది, జీళ్లు, రంగులరాట్నంతో సహా!