మేం ఊరెళ్లినప్పుడు ఆయమ్మకు జీతం ఇవ్వాలా, ఇంటి పని చెప్పొచ్చా?

రెండు వారాలు హైదరాబాద్ వెళ్తున్నారు, బాబు మీతోనే వస్తున్నాడు కాబట్టి ఆయమ్మకు ఆ రోజుల జీతం కోయాలా, లేక ఇల్లు శుభ్రం చేయమనాలా అని అడిగారు. కోయకండి. నాగా పెట్టింది ఆవిడ కాదు, ఊరెళ్తున్నది మీరు.

మాది వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ. మా ఆయమ్మ ఆరిలోవ నుంచి షేర్ ఆటోలో వస్తుంది. వేసవిలో రాజమండ్రి వెళ్తున్నామని చెప్పగానే, "అయితే ఈలోగా ఇంకో ఇంట్లో పని చూసుకోమంటారా అమ్మా?" అని అడిగింది. ఎత్తిపొడుపేం కాదు, నిజంగానే అడిగింది. ఇంటి అద్దె మన ప్రయాణాలు చూసి ఆగదు కదా. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకరు జీతం కోసి వెళ్లారు. తిరిగొచ్చేసరికి వాళ్ల ఆయమ్మ మధురవాడలో వేరే ఇంట్లో చేరిపోయింది. పిల్లలు అలవాటు పడ్డ మనిషి మళ్లీ దొరకడం ఎంత కష్టమో వాళ్లనడిగితే చెప్తారు.

పని విషయానికొస్తే, పిల్లాడికి సంబంధించినవి చెప్పొచ్చు. పొట్టివైపోయిన బట్టలు వేరు చేయడం, బొమ్మలు కడగడం, దుప్పట్లు ఉతికి ఆరేయడం లాంటివి. ఒకటి రెండు సార్లు వచ్చి కిటికీలు తెరిచి, మొక్కలకు నీళ్లు పోయమని అడిగితే తప్పులేదు. వైజాగ్ గాలి తెలిసిందే, వానల్లో ఇల్లు మూసేస్తే బీరువాలో చెప్పులకు కూడా బూజు పడుతుంది. కానీ ఫ్యాన్లు తుడవడం, బాత్రూములు రుద్దడం ఆవిడ ఒప్పుకున్న పని కాదు. కావాలంటే విడిగా డబ్బు మాట్లాడుకోండి, వద్దంటే ఊరుకోండి. "ఈ వారం మా అత్తగారింట్లో చెయ్యి" అని పంపేవాళ్లనూ చూశాను. అదెక్కడి న్యాయమో!

తాళాలు ఇస్తుంటే నగలు ముందే బ్యాంకు లాకర్‌లో పెట్టేయండి. తర్వాత ఏదైనా కనిపించకపోతే మొదటి అనుమానం ఆవిడ మీదికే పోతుంది. ఆ ఇబ్బంది ఆవిడకెందుకు?

ఒకవేళ ఆయమ్మను కూడా తీసుకెళ్లాలనుకుంటే లెక్క మారుతుంది. రైల్లో పిల్లాడు ఏడిస్తే రాత్రంతా మేలుకునేది ఆవిడే, అదీ పనే. టికెట్, భోజనం, పడుకోవడానికి సరైన చోటు మీరే చూడాలి, రాత్రి పనికి అదనంగా ఇవ్వాలి. ఇంటి పనివారి గురించి 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒప్పందంలో ఒక మాట ఉంది: విశ్రాంతి వేళల్లో వాళ్లు యజమాని ఇంట్లోనో, కుటుంబంతోనో ఉండి తీరాలన్న నిబంధన పెట్టకూడదు. మన దేశం దాన్ని ఆమోదించలేదు గానీ, మేం అదే పాటిస్తాం. అరకు వెళ్లినప్పుడు మధ్యాహ్నాలు పిల్లల్ని మేమే చూసుకుని ఆవిణ్ణి తన ఇష్టానికి వదిలేశాం.

జీతం బయలుదేరే ముందే చేతిలో పెట్టండి. తిరుగు ప్రయాణం తేదీ మారితే ఆవిడకూ వెంటనే ఫోన్ చేయండి. మా ఆయమ్మ ఆ రోజుల్లోనే పలాస దగ్గర పుట్టింటికి వెళ్లొస్తుంది, ఆవిడకూ టికెట్ తీసుకోవాలి కదా.