వాల్వు 'తెరవబడినది' అనాలా, 'తెరుచుకుంది' అనాలా?

సందేహం: నీటి శుద్ధి కేంద్రంలో స్కాడా (యంత్రాలను కంప్యూటర్ నుంచి చూస్తూ నడిపే వ్యవస్థ) తెర మీది సందేశాలను తెలుగులో పెడుతున్నాం. 'వాల్వు తెరవబడినది', 'పంపు ఆపబడినది', 'అలారం అంగీకరించబడినది' అని రాశాం. ఆపరేటర్లు తికమకపడుతున్నారు. ఇవి తప్పు ప్రయోగాలా?

సమాధానం: వ్యాకరణం దృష్ట్యా తప్పు కాదు. 'బడు' చేర్చిన కర్మణి ప్రయోగం గ్రాంథికంలో ఉన్నదే. కానీ ఆపరేటరుకు కావలసిన సంగతినే అది దాచేస్తోంది. 'పంపు ఆపబడినది' అంటే మనిషి బటన్ నొక్కి ఆపారా, సంపు నిండాక పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్) తన వరస ప్రకారం ఆపిందా, మోటారుపై భారం ఎక్కువై ఓవర్‌లోడ్ రిలే పడిందా? ఈ మూడింటికీ తెలుగు క్రియలోనే తేడా ఉంది: 'పంపు ఆపారు', 'పంపు ఆగింది', 'పంపు ఆగిపోయింది'. 'పోవు' చేరగానే అనుకోనిదేదో జరిగిందని మన చెవికి తెలిసిపోతుంది. కారణం కూడా పక్కనే వేయండి: 'పంపు 2 ఆగిపోయింది – ఓవర్‌లోడ్'. 'ట్రిప్ అయింది' అన్నా నాకు అభ్యంతరం లేదు, ప్లాంటులో అందరి నోటా ఉన్న మాటే.

వాల్వు దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 'తలుపు తెరుచుకుంది' అన్నట్టే 'వాల్వు తెరుచుకుంది' చక్కని తెలుగు. అయితే అది పని పూర్తయిందని చెప్పే మాట. తెర మీద నుంచి ఆదేశం వెళ్లినంత మాత్రాన వాల్వు తెరుచుకున్నట్టు కాదు. పెద్ద మోటారు వాల్వుకు నిమిషం కూడా పట్టవచ్చు. అది కదులుతున్నంతసేపూ 'తెరుచుకుంటోంది' అనీ, ఓపెన్ లిమిట్ స్విచ్ (వాల్వు పూర్తిగా తెరుచుకుందని తెలిపేది) తగిలాకే 'తెరిచి ఉంది' అనీ చూపండి. పెట్టిన గడువు దాటినా స్విచ్ తగలకపోతే 'తెరుచుకోలేదు' అన్న అలారం రావాలి. ఓపెన్, క్లోజ్ స్విచ్‌లు రెండూ ఒకేసారి తగిలినట్టు కనిపిస్తే 'స్విచ్ లోపం' అనండి. 'మూసుకుపోయింది' మాత్రం వాల్వుకు వాడకండి. చెత్త అడ్డం పడిందనుకుని పైపు విప్పడానికి వెళ్తారు. 'మూసి ఉంది' చాలు.

మీరు అడగకపోయినా, ట్యాంకులో నీటికి 'మట్టం: 0' అని చూపడం గురించి చెప్పాలి. 4–20 మిల్లీఆంపియర్ల కరెంటుతో నీటి మట్టాన్ని తెలిపే లెవెల్ ట్రాన్స్‌మిటర్‌ను 0–5 మీటర్లకు అమర్చితే 4 దగ్గర సున్నా, 12 దగ్గర రెండున్నర మీటర్లు. తీగ తెగితే కరెంటు 0 అవుతుంది, లెక్క మైనస్ 1.25 మీటర్లని వస్తుంది. దాన్ని సున్నాకు కత్తిరించి చూపిస్తే ట్యాంకు నిండుగా ఉన్నా ఖాళీ అనుకుని పంపు వేస్తారు, నీళ్లు పొర్లిపోతాయి. కరెంటు 3.6 కంటే తగ్గితే అంకె తీసేసి 'సిగ్నల్ లేదు' అని రాయండి. దూరపు ట్యాంకు దగ్గరి ఆర్‌టీయూతో (అక్కడి సమాచారాన్ని పంపే పరికరంతో) లింకు పోయినప్పుడు కూడా తెర మీద పాత విలువే నిలిచిపోతుంది. అప్పుడు 'తెరిచి ఉంది' బదులు 'లింకు లేదు. 10:42కి తెరిచి ఉంది' అనాలి.

ఇక 'అంగీకరించబడినది'. ఆపరేటరు అలారాన్ని ఒప్పుకోవడం లేదు, చూశానని చెబుతున్నారు. కాబట్టి బటన్ మీద 'చూశాను', లాగ్‌లో 'చూశారు' అని సమయంతో సహా రాయండి. అది నొక్కితే మోత ఆగుతుంది, కారణం ఉన్నంతవరకు ఎర్రరంగు అలాగే ఉంటుంది. కారణం తొలగాక పంపును మళ్లీ సిద్ధం చేసే బటన్ వేరు. దానికి 'రీసెట్' అన్న అలవాటైన పేరే ఉంచండి.